మా అమ్మ తుడిచిన కారుకి వయసెంత?

మొన్న సంక్రాంతికి మా పుట్టింట్లో పెద్ద గొడవయింది. ఆస్తి గొడవ కాదు, జీడితోట గట్టు గొడవ అంతకన్నా కాదు. ఒక బొమ్మ కారు వయసు గురించి. నవ్వకండి. కనుమ నాడు గారెలు ఒక పక్క చల్లారిపోతుంటే మా ఇంట్లో నలుగురు ముఖాలు నాలుగు వైపులకి తిప్పుకుని కూర్చున్నారు. అందులో నేనొకదాన్ని. ఇంటికొచ్చి పది రోజులైనా నా కోపం తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు కారు సంగతి చెప్పాలి. మా నాన్న మస్కట్లో పనిచేసేవారు. ఉద్దానంలో ఏ వీధిలో చూసినా గల్ఫుకో, అండమానుకో, బొంబాయికో, మిలటరీకో వెళ్ళిన మగవాళ్ళే కదా, మా ఇల్లూ అంతే. 1989లో నాన్న సెలవుకి వచ్చినప్పుడు బొంబాయిలో విమానం దిగి, రైల్లో పలాస వచ్చి, అక్కణ్ణించి కవిటి వైపు బస్సులో, ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చిన వస్తువు ఒక ఎర్ర రిమోట్ కారు. లావుపాటి రబ్బరు టైర్లు, వెనక పొడుగాటి రెక్క, రిమోటుకి గొలుసుకట్టు యాంటెన్నా. మా తమ్ముడప్పుడు మూడో క్లాసు. ఆ కారు వాడికని తెచ్చారు. వాడు దాన్ని ఎన్నిసార్లు ఆడాడో వేళ్ళమీద లెక్క చెప్పగలను. పాడైపోతుందని షోకేసులో పెట్టేశారు. ఏడాదికోసారి, సంక్రాంతికి, చుట్టాలందరూ వచ్చాక, పెద్దవాళ్ళెవరో రిమోటు పట్టుకుని నడిపితే తమ్ముడు వెనకాల పరిగెత్తేవాడు. అప్పకీ నాకూ పరిగెత్తే పని కూడా లేదు, చూసే పనే.

షోకేసులో ఉన్న వస్తువు తనంతట తను బాగుంటుందని చాలామంది మగవాళ్ళ నమ్మకం. సముద్రం రెండు మైళ్ళ దూరంలో ఉంటే మేకులు కూడా మూడేళ్ళకి తుప్పు పడతాయి. మా అమ్మ ప్రతి పండగకీ ఆ కారు దించేది. సెల్లు తీసేసేది. నాన్న టార్చిలైట్లో సెల్లు మరిచిపోతే అవి కారి లోపలంతా పచ్చగా పట్టేసింది ఒకసారి, అప్పట్నించి రిమోటులో గానీ కారులో గానీ సెల్లు ఉంచనిచ్చేది కాదు. మెత్తటి పాత నేతచీర ముక్కతో తుడిచి, మరమేకులకి వేలికొసతో కాస్త కొబ్బరినూనె రాసి, టైర్లు నేలకి ఆనకుండా కింద చెక్కముక్క పెట్టేది. టైరు ఒకే చోట ఒత్తుకుంటే సొట్టపడుతుందని ఆవిడకి ఎవరు చెప్పారో తెలీదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఎన్ని పోయాయో మీకు తెలుసు, చెప్పక్కర్లేదు. ఆ రాత్రి అమ్మ బియ్యం డబ్బా మీద మూత పెట్టి, దానిమీద కారుని తువ్వాల్లో చుట్టి పెట్టి, పైన ఇత్తడి గంగాళం బోర్లించిందట. అట్టపెట్టె మాత్రం పోయింది. నిజానికి అది అంతకు ముందే సగం పోయింది. దాని మూత చింపి పప్పుల అలమరలో అట్టగా వేసింది అమ్మే.

ఇప్పుడు గొడవకి వస్తాను.

మా అప్ప కొడుకు విశాఖపట్నంలో ఇంజనీరింగు అయిపోయి ఉద్యోగంలో చేరాడు. వాడికీ వాడి స్నేహితులకీ పాత రిమోట్ కార్లు సేకరించడం పిచ్చి. మంచి పిచ్చే, తాగుడు కన్నా నయం. వాళ్ళంతా కలిసి ఒక హాల్లో తమ కార్లు ప్రదర్శనకి పెట్టుకుంటారట. అందుకోసం తరగతులు రాసుకున్నారు. 30 ఏళ్ళు దాటితే వింటేజ్. 20 నించి 30 మధ్య క్లాసిక్. ఆ తరవాతవి మోడరన్. అట్టపెట్టె లేకపోతే ఒక తరగతి కిందకి. టైర్లు మారిస్తే ఇంకో తరగతి కిందకి. తయారైన సంవత్సరానికి రుజువు లేకపోతే, ఏ తరగతీ కాదు, 'ఇతరములు'.

మా నాన్న కారు ఇతరములలో పడింది.

"ఏటంతన్నాడే ఆడు?" అంది అమ్మ.

"అమ్మమ్మా, నువ్వు అట్టపెట్టె చింపకుండా ఉంటే ఇది వింటేజ్ అయ్యేది" అన్నాడు వాడు. చెడ్డగా అనలేదు, ఏదో సరదాకే అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. 36 ఏళ్ళు కాపాడిన మనిషి చేతికి చివరికి నేరం అంటుకుంది చూశారా.

నాకు కార్ల గురించి ఏం తెలుసని అంటారేమో. పది రోజులుగా వాణ్ణి ఫోన్లో పీడించి తెలుసుకున్నాను, కొంత చదువుకున్నాను. తెలుసుకున్న కొద్దీ ఆ తరగతుల కాగితం మీద నా గౌరవం తగ్గింది.

మొదటి తప్పు, వయసునీ ఆరోగ్యాన్నీ వెలనీ ఒకే గంపలో పోయడం. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీల్లో పనిచేసే ఏ ఆడమనిషిని అడిగినా ఈ తప్పు చెయ్యదు. గుండు పప్పు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. గుండులో మళ్ళీ పౌనుకి ఎన్ని తూగుతాయో లెక్క, 240 లోపు తూగితే డబ్ల్యూ 240, 320 లోపు అయితే డబ్ల్యూ 320. రంగు మాడితే దానికి వేరే గ్రేడు. పప్పు విరిగింది కాబట్టి ఇది పోయినేటి పిక్క అని ఎవరూ అనరు. విరగడం విరగడమే, పాతబడడం పాతబడడమే. రోజు కూలికి కూర్చుని వేళ్ళు జిడ్డు పట్టి ఏరే మనిషికి తెలిసిన తేడా, లక్షల జీతం తీసుకునే పిల్లలకి తెలీలేదు. అట్టపెట్టె లేకపోతే కారు ధర తగ్గనీ, ఎవరొద్దన్నారు? వయసెలా తగ్గుతుంది? నాకు పెళ్ళినాటి పట్టుచీర చిరిగిపోయింది కాబట్టి నా వయసు ఐదేళ్ళు తగ్గించి రాస్తామంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను గానీ, పెన్షను ఆఫీసువాళ్ళు ఒప్పుకోరు.

రెండోది, ఆ 30 ఏళ్ళ గీత. అది ఏటికేడు జరిగే గీత. జనవరి ఒకటి రాగానే నిన్న క్లాసిక్ అయిన కారు ఇవాళ వింటేజ్. రాత్రికి రాత్రి దానిలో ఏం మారింది? ఇలా జరిగే గీతలు ప్రభుత్వాలకి అవసరమే, కాదనను. మన దేశంలో అసలు కార్లకి 2021 జులైలో కేంద్రం నియమం తెచ్చింది, మొదటి రిజిస్ట్రేషను అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉంచుకున్న సొంత బండిని వింటేజ్ అంటారు, నంబరు ప్లేటు మీద 'వీఏ' అని వస్తుంది. పురావస్తువులకి 1972 చట్టం ఉంది, 100 ఏళ్ళు, రాతప్రతులకైతే 75. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 30 అంటుంది. మా వాడు ఆ 30 అక్కణ్ణించే తెచ్చుకున్నాడు. కానీ ఇనుముతో చేసిన నిజం కారుకి సరిపోయే లెక్క, ప్లాస్టిక్ బొమ్మకి ఎందుకు సరిపోవాలి? రిమోట్ కార్లు దుకాణాల్లోకి వచ్చిందే 1960ల మధ్యలో, ఇటలీలో. జపానులో షిజుఓకా ఊరి టమియా కంపెనీ తన మొదటి రిమోట్ కారు, పోర్షే 934, అమ్మింది 1976లో. మొత్తం చరిత్రే మా అమ్మ కాపురం అంత పొడుగు. ఇంత చిన్న కాలాన్ని సంవత్సరాల స్కేలు పెట్టి కొలిస్తే ఏం తెలుస్తుంది?

వింటేజ్ అన్న మాటకి మొదటి అర్థం ద్రాక్ష కోత. ఫలానా ఏటి కోత అని చెప్పడానికి వాడేవారు. అంటే అది పాతది అని చెప్పే మాట కాదు, ఎప్పటిది అని చెప్పే మాట. పాత కార్ల పెద్దలు కూడా మొదట్లో అలాగే వాడారు, 1919 నించి 1930 దాకా తయారైనవి వింటేజ్, అంతే. ఆ గీత ఎవరి పుట్టినరోజుకీ జరగదు.

గీత గియ్యాలంటే పనితీరు మారిన చోట గియ్యండి. మా కారులాంటి పాతవి 27 మెగాహెర్ట్జ్ రేడియో మీద నడిచేవి. ఒకే చోట ఒకే బ్యాండు మీద రెండు కార్లు తిరిగితే ఒకడి రిమోటుకి ఇంకొకడి కారు పరిగెత్తేది, అందుకే పందేల్లో క్రిస్టల్ ముక్కలు మార్చుకుని, ఎవరిది ఏ ఛానెలో జెండా కట్టుకునేవారట. (మా ఊళ్ళో ఆ బాధ లేదు, రెండో కారుంటే కదా.) ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్, రిమోటూ కారూ ఒకదాన్నొకటి గుర్తుపట్టుకుంటాయి, ఎన్ని తిరిగినా గొడవ లేదు. పాతవాటిలో వేగం తగ్గించాలంటే తీగచుట్టలోంచి కరెంటు పంపి వేడిగా తగలేసేవారు, తరవాత ఎలక్ట్రానిక్ పలకలొచ్చాయి. బ్యాటరీ నికెల్-కాడ్మియం నించి లిథియంకి వచ్చింది. ఇవీ అసలైన వయసు గీతలు. కారు విప్పి చూస్తే కళ్ళకి కనబడతాయి, ఎవరి మాటా నమ్మక్కర్లేదు. పెద్దమనిషి అయిందో లేదో చూడ్డానికి క్యాలెండరు చూస్తామా?

మూడోది నాకు బాగా నచ్చిన చిక్కు, ఎందుకంటే నేను బీయే తెలుగు చదివింది ఇన్నాళ్ళకి పనికొచ్చింది. టమియా వాళ్ళు 1984లో గ్రాస్‌హాపర్ అని ఒక కారు అమ్మారు, మిడత అన్నమాట. అది ఎంత పేరు తెచ్చుకుందంటే ఇరవై ఏళ్ళ తరవాత దాన్నే మళ్ళీ తయారు చేసి అమ్మారు. పెట్టె మీద బొమ్మ కూడా దాదాపు అదే. మరి అది పాతదా, కొత్తదా? మా వాడి బృందంలో ఇద్దరు ఈ విషయం మీద మాటలు మానేశారట. ఒకడు "డిజైను పాతది కాబట్టి వింటేజ్" అంటాడు, ఇంకొకడు "నకిలీ" అంటాడు.

ఇద్దరివీ తప్పే. నన్నయ భారతం 11వ శతాబ్దిది. దాన్ని 19వ శతాబ్దిలో బ్రౌను దొర పండితుల చేత రాయించిన ప్రతి 19వ శతాబ్దిది. బ్రౌను ప్రతిని నకిలీ అన్నవాడు లేడు, 11వ శతాబ్ది కాగితం అన్నవాడూ లేడు. రచనకొక కాలం, ప్రతికొక కాలం. రెండూ రాస్తాం, పని అయిపోతుంది. 1984 నమూనా, 2005 తయారీ అని కార్డు మీద రెండు ముక్కలు రాయడానికి స్నేహాలు చెడగొట్టుకోవాలా? పైగా చాలామంది కారు అడుగున పోతపోసిన సంవత్సరం చూసి అదే పుట్టిన సంవత్సరం అనుకుంటారట. అది అచ్చు చేసిన ఏడో, హక్కులు రాయించుకున్న ఏడో అవుతుంది. అదే అచ్చులో పదేళ్ళు పోసి ఉండొచ్చు. అచ్చప్పాల చెక్క మీద మా అత్తగారి అత్తగారి పేరుందని, నిన్న వండిన అప్పాలు ఆవిడ కాలంవి అనగలమా?

ఇక రుజువు. నాకు అసలు మండింది ఇక్కడ. మా అమ్మకి పుట్టిన తేదీ లేదు. ఉద్దానంలో ఆవిడ వయసు ఆడవాళ్ళని అడగండి, పెద్దగాలి వచ్చిన ఏడాది అనో, ఫలానావారి తోట పడిపోయిన ఏడాది అనో చెప్తారు. రేపు మా మనవలు తిత్లీకి ముందు, తిత్లీకి తరవాత అని లెక్కపెడతారు. మా తరంలో సగంమంది పుట్టినరోజు జులై ఒకటి, బళ్ళో మేష్టారు వేసిన తేదీ. ఆధారులో చూస్తే అందరూ జనవరి ఒకటినే పుట్టారు. ఆ తేదీ మీదే 60 నిండి పింఛను రావడమో, ఇంకో రెండేళ్ళు ఆగమనడమో. రుజువు లేని వయసుతో బతకడం ఏమిటో మాకు తెలుసు. కాబట్టే చెప్తున్నాను, మనిషి నోటి సాక్ష్యం రుజువు కాదనే తరగతి పెట్టకండి. 'మీ తమ్ముడు మూడో తరగతి, చింతపండు దంచిన నెల, మీ నాన్న మీసం తీసేసి వచ్చిన సెలవు' అని మా అమ్మ చెప్పింది. అప్ప వేరే చోట కూర్చుని వేరేగా అడిగితే అదే చెప్పింది. నాన్న పాత పాస్‌పోర్టులో ముద్ర తీసి చూశాం, సరిపోయింది. ముద్ర దొరక్కపోతే మాత్రం? సాక్ష్యం అని రాసి, ఎవరు చెప్పారో రాయండి. అట్టపెట్టె మాట్లాడితే నమ్ముతారు గానీ, ఆ పెట్టె మోసిన ఇంటి ఆడది మాట్లాడితే ఇతరములా?

వాళ్ళ తరగతుల్లో ఇంకో మెలిక కూడా ఉంది. విడి భాగాలు కొని ఇంట్లో బిగించుకున్నది 'హాబీ' కారట, దుకాణంలో తయారుగా కొన్నది 'టాయ్' అట, దానికి కొంచెం చిన్నచూపు. గల్ఫు నించి వచ్చినవన్నీ తయారు బొమ్మలే. కూలీ పని చేసుకునే మనిషి గరిటెడు మరమేకులున్న కిట్టు కొని తెస్తాడా? దీని గురించి ఎక్కువ రాస్తే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేస్తాను.

కానీ వయసు అంటే ఒక్క కారుదేనా? బొమ్మ పెట్టె మీద ఇంకో వయసు ఉంటుంది, పిల్లలది. 2021 జనవరి 1 నించి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. చాలా మంచి పని, మూడేళ్ళ లోపు పిల్లలు మింగగలిగే చిన్న ముక్కలు ఉండకూడదని కచ్చితంగా రాసుంటుంది. ఖరీదైన సేకరణ కార్ల పెట్టెల మీద మాత్రం '14+' అని వేస్తారు. దానర్థం ఇది పిల్లల బొమ్మ కాదు, పెద్దవాళ్ళ వస్తువు అని. కొత్తగా అమ్మేదానికి అలా వేస్తే నాకేం అభ్యంతరం లేదు. మా నాన్న తెచ్చింది ఎనిమిదేళ్ళ పిల్లాడికి. ఇప్పుడు మా తమ్ముడి కూతురికి సరిగ్గా ఎనిమిదేళ్ళు, అదీ మూడో క్లాసే. అది కారు అడిగితే మా వాడు "నీకు కాదమ్మా, ఇది కలెక్టబుల్, పద్నాలుగు దాటాకే" అన్నాడు. కారు ముసలిదయ్యేసరికి పిల్లల వయసు కూడా పెంచేస్తారన్నమాట. మా తమ్ముడు మిలటరీ సెలవులో వచ్చి అక్కడే కూర్చుని ఉన్నాడు. వాడు తల దించుకుని ఫోను చూసుకున్నాడు. ఎనిమిదేళ్ళప్పుడు ఎలా కూర్చునేవాడో సరిగ్గా అలాగే కూర్చున్నాడు, నాకు కడుపులో దేవేసినట్టయింది.

అవతలి వాళ్ళ మాటలో న్యాయం లేదని కాదు. పాత ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. చంటిపిల్లలకి ఇవ్వకూడదు. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటే పిల్లల చేతికి అసలు ఇవ్వకండి, నూతి పక్కన పారెయ్యకండి కూడా, కాడ్మియం మూత్రపిండాలని పాడుచేసే విషం, మన ఉద్దానంవాళ్ళకి ఆ మాట రెండోసారి చెప్పక్కర్లేదు కదా. అయితే ఇవన్నీ జాగ్రత్తలు. జాగ్రత్త పేరు చెప్పి తాళం వెయ్యడం వేరే సంగతి. ఆడితే వస్తువు పాడవుతుంది, నిజమే. ఆడకపోతే ఏం పాడయిందో ఆ రోజు మా అరుగు మీద కూర్చున్న నలభై దాటిన మనిషిని చూస్తే తెలిసేది. దానికి ఏ తరగతి పెడతారు?

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో గడియారం సెల్లూ, టీవీ రిమోటులోంచి పీకిన సెల్లూ, కొట్టు నించి తెప్పించిన ఇంకో నాలుగూ. "గుంట ఏడుస్తంది, ఇచ్చీరా. ఆయన ఆడుకోడానికే తెచ్చినారు" అంది. అప్ప కొడుకు ఇంకేం మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే, సెల్లు పెట్టే చోట రాగి రేకులు కొత్తగా మెరుస్తుంటే వాడే ముందు నోరు తెరిచాడు. ఇంత శుభ్రమైన రేకులున్న పాత కారు వాళ్ళ బృందంలో ఒక్కటీ లేదట.

కారు కదిలింది. ముందుకీ వెనక్కీ వెళ్తోంది, కుడికి తిరుగుతోంది, ఎడమకి తిరగట్లేదు. పిల్ల కుడివైపే గుండ్రంగా తిప్పుకుంటూ కళ్ళాపి ముగ్గు మీదుగా పోనిచ్చింది. తమ్ముడు లేచి వెళ్ళి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎడమ ఎందుకు తిరగట్లేదో చూస్తానని అప్ప కొడుకు మర్నాడు స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు, ఇంకా తేల్లేదు.

ప్రదర్శనకి పంపమని నిన్న మళ్ళీ ఫోను చేశాడు. "తరగతులు మారుస్తున్నాం పిన్నీ, వయసొక గడి, స్థితి ఒక గడి" అన్నాడు. ఇంకో గడి పెట్టమన్నాను, ఎవరు కాపాడారో రాసే గడి. అది ఒప్పుకుంటే అప్పుడు అమ్మనడిగి చెప్తానన్నాను.